స్మోకీస్‌కి బయలుదేరే ముందు జేబు చూసుకో

సందేహం: అట్లాంటాలో కొత్తగా ఉద్యోగంలో చేరాను. అక్టోబరు లాంగ్ వీకెండ్‌కి నలుగురు రూమ్మేట్లం గ్రేట్ స్మోకీ మౌంటెన్స్ నేషనల్ పార్కుకి వెళ్దామనుకుంటున్నాం. ఎస్‌యూవీ రెంట్‌కి తీసుకోవాలా? పార్కు పక్కనే ఉన్న గాట్లిన్‌బర్గ్ ఊళ్లో హాట్ టబ్ ఉన్న క్యాబిన్ చూశాం. బడ్జెట్ ఎంత పెట్టుకోవాలి?

జవాబు: తమ్ముడూ, హాట్ టబ్ మాట ముందే వచ్చిందంటే నీ డబ్బు ఎటు పోతుందో నాకు తెలిసిపోయింది. మేమూ వచ్చిన కొత్తలో అక్టోబరులోనే వెళ్లాం. ఆకులు రంగు తిరిగే నెల, అద్దెలు మండిపోతాయని చెప్పేవాడు లేడు. క్లీనింగ్ ఫీజు, ట్యాక్సులు కలిపేసరికి సైట్‌లో చూసిన రేటుకీ మేం కట్టినదానికీ పొంతనే లేదు. పోనీ ఆ టబ్‌లో దిగామా అంటే, పగలంతా తిరిగొచ్చి సోఫాల్లోనే పడి నిద్రపోయాం.

అట్లాంటా ఎండకి టీషర్టులతో బయలుదేరాం. కువోహి శిఖరం 6,643 అడుగులు. క్లింగ్‌మన్స్ డోమ్ అనేవారే, దానికి 2024లో అక్కడి ఆదివాసులు చెరోకీల పాత పేరు మళ్లీ పెట్టారు. పైన గాలికి పళ్లు టకటకలాడాయి. కిందికి దిగగానే టూరిస్టు షాపులో దూరి, అందరికీ ఎలుగుబంటి బొమ్మ స్వెట్‌షర్టులు కొన్నాం. నాది ఇప్పటికీ గరాజ్ ఊడ్చేటప్పుడు వేసుకుంటాను, డబ్బులు పోశాం కదా!

అన్నిటికంటే పెద్ద బొక్క బ్రేకులది. న్యూఫౌండ్ గ్యాప్ అనే కనుమ 5,046 అడుగుల ఎత్తున ఉంటుంది, అక్కణ్ణుంచి రెండు వైపులా దిగుడే. తిరుమల ఘాట్‌లో డ్రైవర్లు సెకండ్ గేర్‌లో దింపడం చిన్నప్పట్నుంచి చూసినవాణ్ణే, ఆటోమేటిక్ కారు చేతికొచ్చాక గేరనేది ఒకటుందనే మర్చిపోయాను. కిందిదాకా బ్రేకు మీంచి కాలు తీయలేదు. కాలిన వాసన వస్తుంటే మా ముందున్న కారుదనుకున్నాను. ఇంటికొచ్చాక ప్యాడ్లు, రోటర్లు మార్పించిన బిల్లు చూసి మీ వదిన వారం రోజులు మాట్లాడలేదు. లో గేర్ ఎలా వేయాలో బయలుదేరకముందే నేర్చుకో.

అసలు చూడాల్సినవాటికి పెద్ద ఖర్చే లేదు. పార్కుకి ఎంట్రీ ఫీజు లేదు. 1951లో న్యూఫౌండ్ గ్యాప్ రోడ్డు ఫెడరల్ ప్రభుత్వానికి అప్పగిస్తూ టోల్ పెట్టకూడదని టెనసీ రాష్ట్రం వాళ్లు షరతు రాయించుకున్నారు, తెలివైనవాళ్లు. పావుగంట మించి కారు ఆపితే మాత్రం పార్కింగ్ ట్యాగ్ ఉండాలి. రోజుకి 5 డాలర్లు, వారానికి 15. మిగతా రూల్స్, ఏ రోడ్డు మూసి ఉందో పార్క్ సైట్‌లో చూసుకో.

కేడ్స్ కోవ్ అనే లోయ చుట్టూ తిరిగే లూప్ రోడ్డు 11 మైళ్ల వన్‌వే. తెల్లారేసరికి అక్కడుండు. ఎలుగుబంటి కనిపించిందంటే చాలు, ముందు కారు ఆగుతుంది, వెనక అందరూ ఆగుతారు. 1820ల నాటి జాన్ ఆలివర్ దుంగల ఇల్లు, నీళ్లతో తిరిగే కేబుల్ మిల్లు దారిలోనే ఉన్నాయి. హైకింగ్‌కి ఆలమ్ కేవ్ బ్లఫ్స్ వెళ్లండి, పైకి 2.3 మైళ్లు. చాలామంది మనవాళ్లు గాట్లిన్‌బర్గ్ వీధిలో ఫోటోలు దిగి ఇదే స్మోకీస్ అనుకుని తిరిగొచ్చేస్తారు.

నాకు బాగా నచ్చింది వాకర్ అక్కచెల్లెళ్ల ఇల్లు. మెట్‌కాఫ్ బాటమ్స్ పిక్నిక్ స్థలం దగ్గర్నుంచి లిటిల్ గ్రీన్‌బ్రయర్ పాత బడి మీదుగా నడిచి వెళ్లాలి. పార్కు కోసం చుట్టుపక్కల అందరూ భూములిచ్చి పోయినా ఆ అయిదుగురూ కదల్లేదు. చివరికి 1940ల మొదట్లో 4,750 డాలర్లు తీసుకుని, బతికినంతకాలం అక్కడే ఉండేలా రాయించుకున్నారు. ఆఖరావిడ 1964లో పోయింది. పంచదార, వంట సోడా, కాఫీ, ఉప్పు తప్ప అన్నీ మా నేలే ఇస్తుందనేవారట. నువ్వు వారంలో ఎన్నిసార్లు ఫుడ్ డెలివరీ ఆర్డరిస్తావో ఆ వాకిట్లో నిలబడి లెక్కేసుకో.

తిండి ఇంటి దగ్గర్నుంచే. చపాతీలు, పెరుగన్నం, ఆవకాయ ఐస్ బాక్సులో పెట్టి మెట్‌కాఫ్ బాటమ్స్ పిక్నిక్ బల్లల దగ్గర తినండి. బల్ల మీద వదిలి ఏటి గట్టుకి పోవద్దు, ఎలుగుబంట్లు వస్తాయి.

ఎస్‌యూవీ అక్కర్లేదు, కారులో వెళ్లేచోట్లు నేను చెప్పినవన్నీ తారు రోడ్డు మీదే. నలుగురికి సెడాన్ చాలు. క్యాబిన్ మానేసి టౌన్‌సెండ్ ఊరి వైపు మామూలు మోటెల్ చూడండి. పార్కు లోపల గ్యాస్ స్టేషన్ లేదు, ట్యాంకు ముందే నింపు. ఆ డబ్బులు ఎవరెంత వేసుకోవాలో కారెక్కకముందే తేల్చుకోండి, వచ్చాక ఎవడూ ఇవ్వడు.