తుఫాను లేకుండా భయపెట్టడం

అమ్మాయీ,

నీ ఉత్తరమూ, దాంతోపాటు పంపిన తుఫాను కవితలూ అందాయి. "రొమాంటిక్ కవుల్లో ప్రకృతి మనిషిని అంతలా వణికిస్తుంది కదా, నా కవితలో గాలి ఎంత అరిచినా ఎవరూ బెదరడం లేదేం?" అని అడిగావు. అరుస్తోంది కాబట్టే బెదరడం లేదు. ప్రచండం, భీకరం, ప్రళయం, రుద్రతాండవం అన్నీ మొదటి పేజీలోనే ఖర్చుపెట్టేశావు. ఇక చదివేవాడికి పనేం మిగిలింది?

ఆ రొమాంటిక్ కవుల్లో ఒకడైన ఇంగ్లీషు కవి వర్డ్స్‌వర్త్ రాసిన 'ప్రిల్యూడ్' అనే దీర్ఘకవిత మొదటి భాగంలో ఒక పడవ ఘట్టం ఉంది. ఇంగ్లండ్‌లో కొండలూ సరస్సులూ ఉన్న లేక్ డిస్ట్రిక్ట్, ఒక సాయంత్రం. విల్లో చెట్టుకు కట్టి ఉన్న పడవను ఒక కుర్రాడు ఎవరికీ చెప్పకుండా విప్పి నీళ్లలోకి తోస్తాడు. వెన్నెల కాస్తోంది, సరస్సు నిశ్శబ్దంగా ఉంది. అలాంటి పడవలో తెడ్లు వేసేవాడి ముఖం వదిలివచ్చిన ఒడ్డు వైపే ఉంటుంది. అందుకని పడవ వంకర పోకుండా, ఎదురుగా కనిపిస్తున్న రాతిగట్టు కొస మీదే చూపు నిలిపి తెడ్లు వేస్తుంటాడు. ఆ గట్టు వెనక ఇంకో కొండ ఉంది. ఒడ్డు దగ్గరున్నంతసేపూ గట్టు దాన్ని కప్పేసింది. పడవ దూరం జరిగేసరికి ఆ కొండ తల ఎత్తుతుంది. కుర్రాడు హడలిపోయి ఇంకా గట్టిగా తెడ్లు వేస్తాడు. వేసినకొద్దీ కొండ పెరుగుతుంది, నక్షత్రాలకు అడ్డం వస్తుంది, ప్రాణమున్నదానిలా వాడి వెంటపడుతుంది.

నిజానికి కొండ చేసిందేమీ లేదు. అది ఎక్కడుందో అక్కడే ఉంది. పారిపోవడానికి వాడు వేసే ప్రతి తెడ్డూ దాన్ని పెంచుతోంది. దొంగతనం చేస్తున్నానన్న గుబులు వాడిలో ముందే ఉంది, దానికో ఆకారం దొరికిందంతే. ఆ కొండ గురించి వర్డ్స్‌వర్త్ వాడిన విశేషణం కూడా ఒక్కటే: చాలా పెద్దది అని. అదే రెండుసార్లు.

వాడు వణుకుతున్న చేతులతో వెనక్కి తిరిగి, పడవను తీసినచోటే వదిలేసి ఇంటిదారి పడతాడు. నేనైతే అసలు కవిత అక్కడి నుంచే మొదలైందంటాను. ఆ తర్వాత చాలా రోజులు వాడి మనసులో చెట్లూ సముద్రమూ ఆకాశమూ పచ్చటి పొలాల రంగులూ ఏవీ నిలవవు. బతికున్న మనుషుల్లా బతకని ఏవో పెద్ద పెద్ద ఆకారాలు పగలు మనసులో మెల్లగా కదులుతాయి, రాత్రి కలల్లోకొచ్చి పీడిస్తాయి. నీ కవితలు మాత్రం తుఫాను తీరం దాటగానే ఆగిపోతున్నాయి. ఇంటికి చేరినవాడికి రాత్రి నిద్ర పట్టిందో లేదో కూడా రాయలేదు నువ్వు.

అదే కాలపు ఇంకో ఇంగ్లీషు కవి బైరన్‌ది ఇంకో దారి. 1816లో యూరప్‌కు వేసవే రాలేదు. అంతకు ముందు ఏడాది ఏప్రిల్‌లో ఇండొనేషియాలోని సుంబావా దీవిలో తంబోరా అగ్నిపర్వతం పేలడం దానికి కారణమని అప్పట్లో అక్కడివాళ్లకు తెలియదు. జెనీవా సరస్సు ఒడ్డున, ఆ వానల మధ్య, ఆయన 'డార్క్‌నెస్' రాశాడు. అందులో సూర్యుడు ఆరిపోతాడు. వెలుతురు కోసం జనం రాజభవనాలనూ గుడిసెలనూ ఒకేలా తగలబెడతారు, ఒకరి ముఖం ఒకరు ఇంకొక్కసారి చూసుకోవడానికి తగలబడుతున్న ఇళ్ల చుట్టూ చేరతారు. చివరికి ఓ మహానగరంలో ఇద్దరే మిగులుతారు, బద్ధశత్రువులు. ఇద్దరూ బూడిద కెలికి, ఊది ఊది మంట రాజేస్తారు. ఆ వెలుగులో ఎదుటివాడి రూపం చూసి, వాడెవడో కూడా తెలియకుండానే జడుసుకుని చచ్చిపోతారు. చీకటి మీద రాసిన కవితలో నాకు గుర్తుండిపోయినవి ఆ ముఖాలు!

ఇంకో మాట. ఉత్తరంలో ప్రకృతిని అమ్మ అన్నావు, కవితకొచ్చేసరికి రాక్షసిని చేశావు. దానికి మనతో ఏ చుట్టరికమూ లేదేమో, అది కూడా ఆలోచించు. తనను ప్రేమించిన మనసుకు ప్రకృతి ఎన్నడూ ద్రోహం చేయదని 1798లో వర్డ్స్‌వర్త్ కూడా గట్టిగా అన్నాడు. 1805 ఫిబ్రవరి 5న ఆయన తమ్ముడు జాన్ కెప్టెన్‌గా ఉన్న ఈస్టిండియా కంపెనీ ఓడ ఇంగ్లండ్ దక్షిణ తీరంలో మునిగిపోయింది. జాన్‌తో సహా రెండు వందల మందికి పైగా పోయారు. ఆ తర్వాత, తుఫానులో సముద్రం పక్కనున్న పీల్ కోట ఎలా ఉంటుందో సర్ జార్జ్ బోమాంట్ వేసిన చిత్రం చూసి వర్డ్స్‌వర్త్ ఒక కవిత రాశాడు. ఆ కోట దగ్గర వర్డ్స్‌వర్త్ ఒకప్పుడు వేసవిలో నాలుగు వారాలు ఉన్నాడు, సముద్రం అద్దంలా ఉండేదట. అప్పట్లో తనే గనక చిత్రకారుడైతే ఆ ప్రశాంతతనే గీసేవాణ్ణని ఒప్పుకుని, ఇప్పుడు ఈ తుఫాను బొమ్మే సరైనదంటాడు. తమ్ముణ్ణి మింగిన సముద్రాన్ని ఒక్క మాట తిట్టడు. అంత నిగ్రహం నాకు ఎప్పటికీ అబ్బదు.

మన భావకవులు కాలేజీల్లో షెల్లీనీ కీట్స్‌నీ చదివినవాళ్లే. ఏకాంతాన్నీ విరహాన్నీ గొప్పగా తెచ్చుకున్నారు గానీ, ఈ భయం జోలికి అంతగా పోలేదనే నా అభిప్రాయం. కృష్ణశాస్త్రిగారు ఆకులో ఆకై, పూవులో పూవై అడవిలో దాగిపోవాలనుకున్నారు. ఆ అడవి ఆయన్ని తరమలేదు. దీనిమీద నాతో గొడవపడేవాళ్లున్నారు, పడనీ.

'ప్రిల్యూడ్' కొనేటప్పుడు చూసుకుని కొను. వర్డ్స్‌వర్త్ దాన్ని దిద్దుతూనే ఉన్నాడు, అచ్చయింది 1850లో, ఆయన పోయాక. నువ్వు ముందు 1805 నాటి పాఠం, అంటే అప్పటి రూపం, చదువు. పడవ గురించి నేను పైన చెప్పిందంతా అందులోదే. దిద్దిన పాఠంలో ఆ కొండకు నలుపు కూడా పూశాడు. నాకది అనవసరం అనిపిస్తుంది. రెండూ పక్కపక్కన పెట్టుకుని చదివి, నీకేమనిపించిందో రాయి.

ఆశీస్సులతో