టెక్ సందేహాలు: డెక్‌లో లోపం కార్డుల బలంలోనా, పాళ్లలోనా?

ప్రశ్న: నేనూ నా మిత్రులూ ఆదివారాలు పోకెమాన్ ట్రేడింగ్ కార్డ్ గేమ్ ఆడుతుంటాం. నా డెక్‌లో, అంటే ఆటకు కూర్చుకున్న 60 కార్డుల కట్టలో, 22 పోకెమాన్, 16 ట్రైనర్ (సహాయక), 22 ఎనర్జీ (దాడికి కావలసిన శక్తి) కార్డులు ఉన్నాయి. మూడు వేర్వేరు స్టేజ్ 2 (రెండుసార్లు ఎదిగిన దశ) పోకెమాన్‌లు పెట్టుకున్నాను, నేరుగా ఆటలోకి దించగలిగే తొలి దశ బేసిక్‌లు మాత్రం ఎనిమిదే. నా కార్డులన్నీ బలమైనవే అయినా ఎక్కువసార్లు ఓడిపోతున్నాను. ఇంకా ఏ కార్డు కొంటే మంచిది? డెక్‌ను పరీక్షించుకోవడానికి యాప్ ఏదైనా ఉందా? (డిగ్రీ విద్యార్థి, కొర్లగుంట, తిరుపతి)

జవాబు: కొత్త కార్డు కొనే ముందు, ఉన్న బలమైన కార్డులు సమయానికి మీ చేతికి వస్తున్నాయో లేదో చూడండి. మీరు రాసిన అంకెలను బట్టి లోపం కార్డుల బలంలో లేదు, వాటి పాళ్లలో ఉంది. ఆట మొదట్లో తీసే ఏడు కార్డులలో ఒక్క బేసిక్ పోకెమాన్ కూడా లేకపోతే, ఆ చేతిని ఎదుటివారికి చూపించి, డెక్‌లో కలిపేసి, మళ్లీ ఏడు తీయాలి. అలా చేసిన ప్రతిసారీ ఎదుటి ఆటగాడు ఒక కార్డు అదనంగా తీసుకోవచ్చు. అరవై కార్డులలో ఎనిమిదే బేసిక్‌లు ఉన్నప్పుడు ఈ పరిస్థితి ఎంత తరచుగా వస్తుందో ఫోన్‌లోని గూగుల్ షీట్స్‌తోనే లెక్కించవచ్చు. మొదటి నిలువు వరుసలో 52 నుంచి 46 వరకు, రెండో నిలువు వరుసలో 60 నుంచి 54 వరకు ఒకదాని కింద ఒకటి రాయండి. మూడో నిలువు వరుసలో మొదటి అంకెను రెండో అంకెతో భాగించి, వచ్చిన ఏడు విలువలను ప్రొడక్ట్ ఫంక్షన్‌తో గుణించండి. 0.346 వస్తుంది. అంటే మీరు ఆడే ప్రతి మూడు ఆటల్లో దాదాపు ఒకటి, ఇంకా మొదలు కాకముందే ఎదుటివారికి ఒక కార్డు ఇచ్చుకుని మొదలవుతోంది. బేసిక్‌లను 12కు పెంచి, మొదటి వరుసను 48 నుంచి 42 వరకు మార్చి చూడండి, అదే విలువ 0.191కి దిగుతుంది.

ఇక ఎనర్జీ సంగతి. అరవైలో 22 ఎనర్జీలు ఉంటే తొలి ఏడు కార్డులలో సగటున రెండున్నర అవే ఉంటాయి. నియమం ప్రకారం ఒక వంతులో చేతి నుంచి ఒక్క ఎనర్జీనే అతికించగలరు కాబట్టి మిగిలినవి చేతిలో ఊరికే కూర్చుంటాయి. పదకొండుకు తగ్గిస్తే తొలి చేతిలో ఒక్క ఎనర్జీ కూడా లేకపోయే అవకాశం 22 శాతం ఉంటుంది. చూడడానికి అది పెద్ద అంకెలాగే కనిపిస్తుంది కానీ, ఇంకో రెండు కార్డులు తీసేసరికి 14 శాతానికి దిగుతుంది, కార్డులు తీయించే సపోర్టర్లు (ట్రైనర్లలో ఒక రకం) డెక్‌లో తగినన్ని ఉంటే ఇంకా తగ్గుతుంది. ఎనర్జీలు తగ్గించడానికి భయపడేవారు సాధారణంగా ఈ రెండో భాగాన్ని లెక్కలోకి తీసుకోరు.

నా సలహా ఇది. మూడు స్టేజ్ 2 పోకెమాన్‌లలో మీకు అన్నిటికన్నా ఇష్టమైన, ఎక్కువ ఆటలు గెలిపించిన ఒక్కదాన్నే ఉంచండి. దాని బేసిక్ నాలుగు, స్టేజ్ 1 రెండు, స్టేజ్ 2 మూడు పెట్టి, నాలుగు రేర్ క్యాండీలు జోడించండి. రేర్ క్యాండీ బేసిక్‌ను నేరుగా స్టేజ్ 2కు మారుస్తుంది కాబట్టి మధ్య దశ కార్డులు తక్కువైనా నడుస్తుంది. అయితే మీ మొదటి వంతులోనూ, అదే వంతులో దించిన బేసిక్ మీదా దాన్ని వాడకూడదన్న నియమాన్ని మరవకండి. వీటికి తోడుగా ఒక స్టేజ్ 1 జత రెండేసి కార్డులతో, విడిగా ఉపయోగపడే బేసిక్‌లు ఆరు పెడితే మొత్తం 19 పోకెమాన్‌లవుతాయి, అందులో బేసిక్‌లు 12. ఎనర్జీలు 11 పోగా ట్రైనర్లకు 30 స్థానాలు మిగులుతాయి. అందులో పది వరకు సపోర్టర్లకు ఇవ్వండి. చేతిలోని కార్డులన్నీ వదిలి కొత్తగా ఏడు తీయించే ప్రొఫెసర్స్ రీసెర్చ్ నాలుగూ ఉండాలి, ఎదుటివారి బెంచ్ (వెనుక వరుస) మీద దాక్కున్న పోకెమాన్‌ను ముందుకు లాగే బాసెస్ ఆర్డర్స్ రెండైనా ఉండాలి. సపోర్టర్ వంతుకు ఒక్కటే ఆడగలం, ఐటంలనే మరో రకం ట్రైనర్లకు ఆ పరిమితి లేదు. కాబట్టి మిగిలిన స్థానాలలో ఎక్కువ భాగం అల్ట్రా బాల్ వంటి, డెక్‌లో పోకెమాన్‌ను వెతికే ఐటంలకు వెళ్లాలి.

ఒక్కో కార్డు ఒక్కొక్కటి చొప్పున పెట్టుకునే అలవాటు ఉంటే దాన్ని మానుకోండి. ఆట మొదట్లో ప్రైజ్ కార్డులుగా పక్కన పెట్టే ఆరింటిలో మీ ఏకైక కార్డు చిక్కుకుపోయే అవకాశం సరిగ్గా 10 శాతం. అదే కార్డు నాలుగు ఉంటే తొలి ఏడింటిలో కనీసం ఒకటి వచ్చే అవకాశం దాదాపు 40 శాతం. డెక్ నమ్మకంగా నడవడమంటే అసలు విషయం ఇదే.

పరీక్షించుకోవడానికి పోకెమాన్ టీసీజీ (ట్రేడింగ్ కార్డ్ గేమ్) లైవ్ అనే ఉచిత యాప్ ఫోన్‌లోనూ కంప్యూటర్‌లోనూ పనిచేస్తుంది. డెక్ జాబితాను అక్షరరూపంలో కాపీ చేసి అందులోకి దించుకోవచ్చు, అందులో మీకు లేని కార్డులను క్రెడిట్లతో తయారు చేసుకోవచ్చు. కానీ గెలుపోటముల సంఖ్యను త్వరగా నమ్మవద్దు. సరిగ్గా సగం ఆటలు గెలిచే మామూలు డెక్ కూడా పది ఆటల్లో ఆరు లేదా అంతకన్నా ఎక్కువ గెలిచే అవకాశం 38 శాతం ఉంటుంది. అందుకే సంఖ్య కన్నా కారణం ముఖ్యం. షీట్‌లో ప్రతి ఆటకూ ఒక అడ్డవరుస కేటాయించి, ముందు ఆడింది ఎవరు, మొదటి దాడి ఎన్నో వంతులో చేయగలిగారు, చివరికి చేతిలో పనికిరాకుండా మిగిలిన కార్డు ఏది, ఓటమికి కారణం ఏమిటి అన్న నాలుగే వివరాలు రాయండి. ఒకే కార్డు పదేపదే ఆ మూడో గడిలో కనిపిస్తే అది ఎంత అందమైనదైనా తీసేయవలసిందే. మార్పులు మాత్రం ఒకసారికి రెండు మూడు కార్డులకే పరిమితం చేయండి, లేకపోతే ఏ మార్పు ఫలితమిచ్చిందో మీకే తెలియదు.

ప్రశ్న: ఫోన్‌లో పోకెమాన్ టీసీజీ పాకెట్ ఆడుతున్నాను. నిప్పు, నీరు రెండు రకాల పోకెమాన్‌లతో డెక్ చేశాను. ఎప్పుడు చూసినా అవసరం లేని ఎనర్జీయే వస్తోంది. యాప్‌లో లోపమా? (శ్రీకాళహస్తి)

జవాబు: యాప్‌లో లోపం లేదు. ఈ ఆటకు చిన్న రూపమైన పాకెట్‌లో డెక్ 20 కార్డులదే, ఎనర్జీలు అందులో ఉండవు. మీరు ఎంచుకున్న రకాలలోంచి వంతుకు ఒకటి యాదృచ్ఛికంగా పుడుతుంది. రెండు రకాలు ఎంచుకుంటే కావలసినది వచ్చే అవకాశం సగం, వరుసగా రెండు నిప్పులు వచ్చే అవకాశం 25 శాతం మాత్రమే. పైగా ముందు ఆడేవారికి మొదటి వంతులో ఎనర్జీయే రాదు. మూడు పాయింట్లకు ముగిసిపోయే ఆటలో ఇంత ఆలస్యం భరించలేం. ఒకే రకానికి కట్టుబడి, దాడికి ఏ రంగు ఎనర్జీ అయినా సరిపోయే పోకెమాన్‌ను తోడుగా పెట్టుకోండి. ప్రొఫెసర్స్ రీసెర్చ్ రెండు, పోకే బాల్ రెండు దాదాపు ప్రతి డెక్‌లోనూ ఉండాల్సినవి. ఇంకొక మాట. తెరిచిన ప్రతి ప్యాక్‌కు వచ్చే ఐదు ప్యాక్ పాయింట్ల చొప్పున కూడితే నాలుగు వజ్రాల గుర్తున్న అరుదైన ఈఎక్స్ కార్డు ఒకటి కొనడానికి 500 పాయింట్లు, అంటే ఒకే సిరీస్‌లో 100 ప్యాక్‌లు కావాలి. రోజుకు రెండు ఉచిత ప్యాక్‌లతో అది 50 రోజుల పని. లేని కార్డు కోసం ఎదురుచూడడం కన్నా, రెండేసి ఉన్న కార్డుల చుట్టూ డెక్ కట్టుకోవడం మేలు.

ప్రశ్న: ఆరో తరగతి చదువుతున్న మా అబ్బాయి డెక్ బాగుపడాలంటే ఇంకా ప్యాక్‌లు కావాలంటున్నాడు. బంగారు రంగులో మెరిసే కార్డుల పెట్టె ఒకటి తక్కువ ధరకు కొనిచ్చాను. వాటితో ఆడకూడదని స్నేహితులు అన్నారట. యాప్‌లోనూ డబ్బు ఖర్చవుతుందేమోనని భయంగా ఉంది. (గ్రీమ్స్‌పేట, చిత్తూరు)

జవాబు: అమ్మా, పెట్టెనిండా బంగారు రేకు కార్డులే తక్కువ ధరకు దొరికాయంటే అవి నకిలీవేనని అనుకోవచ్చు, పిల్లల మాట సరైనదే. అసలు కార్డు రెండు కాగితపు పొరల మధ్య నల్లటి పొరతో ఉంటుంది కాబట్టి టార్చి వెలుగు అంతగా చొరబడదు, చాలా నకిలీలలో వెలుగు తేలికగా దాటివస్తుంది. వెనుక వైపు నీలం రంగును నమ్మకమైన కార్డుతో పక్కపక్కన పెట్టి పోల్చినా తేడా తెలుస్తుంది.

ప్యాక్‌లో ఏ కార్డు వస్తుందో ముందుగా తెలియదు కాబట్టి, డెక్‌ను బాగుచేయడానికి అది చాలా ఖరీదైన మార్గం. అరవై కార్డులూ సిద్ధంగా కూర్చి అమ్మే లీగ్ బ్యాటిల్ డెక్ ఒకటి కొని, అవసరమైన కార్డులను విడిగా తెప్పించండి. బాబు పోటీలలో ఆడాలనుకుంటే కార్డు కింద ఎడమ మూలన ఉన్న అక్షరాన్ని గమనించమనండి. ప్రస్తుత స్టాండర్డ్ పద్ధతిలో ఏ కార్డులు చెల్లుతాయో ఆ అక్షరమే నిర్ణయిస్తుంది. యాప్ ఖర్చు విషయానికొస్తే, ప్లే స్టోర్ సెట్టింగ్స్‌లో ప్రతి కొనుగోలుకూ ధ్రువీకరణ అడిగేలా పెట్టి, ఆ పాస్‌వర్డ్ మీ దగ్గరే ఉంచుకోండి. బాబుకు విడిగా ఫోన్ ఉంటే గూగుల్ ఫ్యామిలీ లింక్ యాప్‌తో కొనుగోలు అనుమతి మీ ఫోన్‌కు వచ్చేలా చేయవచ్చు.

ప్రశ్న: ఏఐ చాట్‌బాట్‌ను అడిగితే డెక్ జాబితా ఇచ్చింది. నమ్మవచ్చా? (ఇంజినీరింగ్ విద్యార్థిని, తిరుపతి)

జవాబు: జాబితాను నేరుగా నమ్మవద్దు. లేని కార్డుల పేర్లు, బేసిక్ ఎనర్జీ కాకుండా ఒకే పేరుతో నాలుగుకు మించిన కార్డులు, 60కి కుదరని మొత్తాలు అందులో ఉండవచ్చు. దాన్ని లైవ్ యాప్‌లోకి దించి చూస్తే ఆ తప్పులు బయటపడతాయి. చాట్‌బాట్ బాగా ఉపయోగపడేది మరో చోట: మీ ఆటల షీట్‌ను దానికి ఇచ్చి, ఏ ఓటమి కారణం ఎన్నిసార్లు వచ్చిందో లెక్కించే సూత్రం రాయమనండి, ఆ సూత్రాన్ని షీట్‌లో మీరే నడిపి చూసుకోండి.