ఏడాది ఎంబీఏ: జెండా పాట ధర చూసి ప్లాటు అమ్మకండి

వరంగల్ ఎనుమాముల మార్కెట్‌లో మిర్చి అడ్తి (కమిషన్ వ్యాపారం) నడిపే ఒక తండ్రి అడిగిన ప్రశ్న ఇది: "మా అబ్బాయి హన్మకొండలో బీకాం చేసిండు. సీఏ ఇంటర్‌లో ఒక గ్రూపు రెండుసార్లు పోతే వదిలేసిండు. మూడేళ్ళ నుంచి హైదరాబాద్‌లో ఫండ్ అకౌంటింగ్ (పెట్టుబడి ఫండ్ల లెక్కలు చూసే) కంపెనీలో ఉన్నడు. ఏడాది ఎంబీఏ చేస్తే ఫైనాన్స్‌లో పెద్ద ఉద్యోగం వస్తదంటున్నరు. ములుగు రోడ్డు పక్కన 200 గజాల ప్లాటుంది, అమ్మాలా? రెండేళ్ళది మంచిదా, ఏడాదిది మంచిదా?"

అన్నా, మీరు అడిగింది ఏడాదా రెండేళ్ళా అని. కానీ మీరు పంపిన రెండు పేజీల్లో "మావాడు వెనకబడ్డడు" అని మూడుచోట్ల రాశారు, మీ తోడల్లుడి కొడుకు జీతం ఎంతో రెండుచోట్ల రాశారు. అసలు టెన్షన్ అక్కడుంది. 25 ఏళ్ళ పిల్లోడు ఎక్కడ వెనకబడ్డడు? మూడేళ్ళుగా తన రూమ్ కిరాయి తనే కట్టుకుంటున్నడు, మిమ్మల్ని రూపాయి అడగలేదని మీరే రాశారు. పండగకు ఇంటికొచ్చినప్పుడల్లా సీఏ సంగతి ఎత్తుతున్నారని అతను నాతో ఫోన్లో చెప్పిండు. కోపం రావొచ్చు మీకు, అయినా చెప్తున్నా, ముందు అది ఆపండి.

ఇక మీకు దొరికిన ఎంబీఏ కాలేజీ బ్రోషర్ సంగతి. అందులో మొదటి పేజీలో ఉన్న ప్యాకేజీ చుట్టూ మీరు పెన్నుతో గీత గీసి ఫోటో పంపారు. మార్కెట్‌లో పొద్దున జెండా పాట, అంటే మొదటి వేలం, ఎట్లా జరుగుతదో మీకు నేను చెప్పాల్నా? మంచి సరుకున్న ఒక్క లాటుకు ఆ ధర పలుకుతది, పేపర్లో అదే వస్తది, మిగతా బస్తాలు ఎంతకు పోయినయో సాయంత్రం రైతును అడిగితే తెలుస్తది. బ్రోషర్లో ఉన్నది జెండా పాట. మీరు అడగాల్సింది బ్యాచ్‌ను జీతం వరసలో నిలబెడితే మధ్యలో ఉన్న పిల్లోడి జీతం, అందులోనూ ఫైనాన్స్ ఉద్యోగాలకు పోయినోళ్ళ జీతం, అందులోనూ మీవాడిలాంటి అనుభవంతో లోపలికి పోయినోళ్ళది. పెద్ద స్కూళ్ళలో కూడా ఎక్కువమందిని తీసుకునేది కన్సల్టింగ్, టెక్నాలజీ కంపెనీలు, ఫైనాన్స్ వాటా వాటికన్నా తక్కువ.

నాకు ఈ ఏడాది కోర్సుల మీద ఉన్న పెద్ద అనుమానం వేరే. రెండేళ్ళ ఎంబీఏలో మొదటి ఏడాది అయ్యాక రెండు నెలలు సమ్మర్ ఇంటర్న్‌షిప్ ఉంటది. బ్యాంకులు, ముఖ్యంగా కంపెనీల కొనుగోళ్ళు, షేర్ల డీల్స్ చూసే ఇన్వెస్ట్‌మెంట్ బ్యాంకులు, అక్కడే పిల్లల్ని చూసుకుని నచ్చినోళ్ళకు ముందే ఆఫర్ ఇచ్చేస్తాయి. ఏడాది కోర్సులో సాధారణంగా ఆ రెండు నెలలు ఉండవు. చేరిన కొద్ది వారాలకే రెజ్యూమె తయారు చెయ్యమంటారు, ఇంకా క్లాస్‌మేట్ల పేర్లే సరిగా తెలియవు, అప్పటికే నువ్వు ఏ ఉద్యోగానికి పోతవని అడుగుతారు. జవాబు వెంటబెట్టుకుని పోయినోడికి అది మంచి కోర్సు. అక్కడికి పోయి వెతుక్కుందాం అనుకున్నోడికి ఏడాది గడిచిందే తెలియదు.

అందుకే ఈ కోర్సులు అనుభవం ఉన్నవాళ్ళ కోసం పెట్టినవి. ఐఎస్‌బీ (ఇండియన్ స్కూల్ ఆఫ్ బిజినెస్) 2001లో హైదరాబాద్ గచ్చిబౌలిలో మొదలైంది, దాని ఏడాది కోర్సుకు కనీసం రెండేళ్ళ అనుభవం అడుగుతది. అహ్మదాబాద్ ఐఐఎం ఏడాది కోర్సుకు నాలుగేళ్ళు, బెంగళూరు దానికి ఐదేళ్ళు. బ్యాంకులో కార్పొరేట్ లోన్లు ఐదేళ్ళు చూసి, ఇప్పుడు కంపెనీ డబ్బు చూసుకునే ట్రెజరీలోకో ఫైనాన్స్ మేనేజర్‌గానో పోవాలనుకునేవాడికి, లేదా ఆడిట్ చేసి చేసి విసుగొచ్చిన సీఏకు ఇది పనికొస్తది. వాళ్ళు ఉన్న దారిలోనే రెండు మెట్లు ఎక్కుతారు. లెక్కలు, రికార్డులు చూసే వెనక ఆఫీసు (బ్యాక్ ఆఫీస్) పని నుంచి షేర్లు, డీల్స్ చూసే ముందు సీట్లోకి ఒక్క గంతులో దూకాలంటే ఏడాది చాలదు.

మీవాడితో నలభై నిమిషాలు మాట్లాడిన. ఏం పని చేస్తవు అంటే మొదట "బ్యాక్ ఆఫీస్ సార్" అని ఊరుకున్నడు. గుచ్చి అడిగితే చెప్పిండు. రెండు సిస్టమ్‌లలో ఉన్న లావాదేవీలు సరిపోవాలి, సరిపోనివి ఎర్రగా కనిపిస్తాయి, వాటిని బ్రేక్స్ అంటరట, ఒక్కోదానికి కారణం వెతికి అవతలి వాళ్ళకు మెయిల్ పెట్టాలి. అమెరికా షిఫ్టు, ఇంటికి క్యాబ్ వచ్చేసరికి రాత్రి రెండున్నర. రోజూ రెండు గంటలు పట్టే ఆ పనికి ఎక్సెల్‌లో ఒక మాక్రో (పని దానంతటదే చేసిపెట్టే చిన్న ప్రోగ్రామ్) రాసుకున్నడట, ఇప్పుడు ఇరవై నిమిషాల్లో అయిపోతది. మేనేజర్‌కు చూపించినవా అంటే "చూపిస్తే ఇంకో పని అంటగడతరు సార్" అన్నడు. నాకు నవ్వొచ్చింది. కానీ ఈ మాట ఏ ఇంటర్వ్యూలో చెప్పినా అవతలోడు కుర్చీలో ముందుకు జరుగుతడు, అది మీవాడికి తెలియదు, మీకు అసలే తెలియదు.

డబ్బు లెక్క మీకు నాకన్నా బాగా వచ్చు. పేరున్న చోట ఫీజు, హాస్టల్ కలిపి 35, 40 లక్షల మాట, పైన ఒక ఏడాది జీతం పోతది. 40 లక్షలు 9.5 శాతం వడ్డీకి పదేళ్ళు పెట్టుకుంటే నెలకు దాదాపు 52 వేల కిస్తీ. అంత పెద్ద స్కూల్లో సీటొస్తే బ్యాంకులు తనఖా లేకుండానే లోన్ ఇస్తాయి, ప్లాటు జోలికి పోనక్కర్లేదు. మీరు పంపిన లిస్టులో ఉన్న మూడో కాలేజీకి బ్యాంకు తనఖా అడుగుతున్నదంటే, బ్యాంకోడికే ఆ కాలేజీ మీద నమ్మకం లేదన్నమాట. సరుకు మీద అడ్వాన్స్ ఇచ్చే ముందు మీరు చూడరా?

నన్నడిగితే ఇప్పుడే ఏడాదిదీ వద్దు, రెండేళ్ళదీ వద్దు. పోల్చి చెప్తానని ఫోన్లో అన్నాను గాని, పోల్చేంత దూరం మీవాడు ఇంకా రాలేదు. ఉద్యోగం చేసుకుంటూ సీఎఫ్‌ఏ (పెట్టుబడుల విశ్లేషణ మీద మూడు లెవెల్స్‌గా ఉండే పరీక్ష) మొదటి లెవెల్ రాయమనండి. ఒక్కో లెవెల్‌కు 300 గంటల చదువు పెట్టుకోమంటారు, వారం వారం వచ్చే సెలవుల్లో కూర్చుంటే అయ్యేదే. మూడు లెవెల్స్ ఫీజులు కలిపినా ఐదు లక్షలు దాటదు. సీఏ ఇంటర్‌లో చదివిన అకౌంట్స్ ఇక్కడ బాగా కలిసొస్తయి, సీఏ మీద పెట్టిన ఆ టైం ఎక్కడికీ పోలేదు. ఈలోపు ఆ మాక్రో మేనేజర్‌కు చూపించి, అదే కంపెనీలో రిస్క్ గానీ పర్‌ఫార్మెన్స్ రిపోర్టింగ్ (ఫండ్ ఎంత లాభం తెచ్చిందో చెప్పే పని) గానీ చూసే టీమ్‌కు మారమనండి, లోపలి ఖాళీలకు అప్లై చేసుకోవడానికి చాలా కంపెనీల్లో వీలుంటది. రెండేళ్ళ తర్వాత, 27 ఏళ్ళకు, ఫలానా ఉద్యోగం కోసం ఎంబీఏ కావాలి అని అతనే వచ్చి అడిగితే అప్పుడు ఏడాది కోర్సుకు నేనే ఫారం నింపిస్తా. ఆ వయసుకు అదే సరైన కోర్సు కూడా.

ఈ ఆదివారం వస్తున్నడట కదా. జీతం అడగకండి. ఆ ఎర్ర గడుల సంగతేందో చెప్పమనండి, మీ అడ్తి చిట్టా ముందు పెట్టి మనదాంట్లో బ్రేక్స్ ఎక్కడున్నయో చూడమనండి. ఒక గంట కూర్చోనివ్వండి. ఏం జరిగిందో సోమవారం నాకు ఫోన్ చెయ్యండి, పదకొండు తర్వాత.