పాలు పొంగించడం వేరు, కాపురం మారడం వేరు

ప్రశ్న: మాది గుంటూరు. నాకు 41 ఏళ్లు. మూడేళ్లుగా రుమటాయిడ్ ఆర్థరైటిస్ (కీళ్లవాతం), దానికి వారానికోసారి మెథోట్రెక్సేట్ అనే మందు వేసుకుంటాను. దసరాకి పాతగుంటూరులో పాత డాబా ఇల్లు కొన్నాం. బాత్రూమ్, వంటగది, వైరింగ్ అన్నీ మార్చాలి. మావారు మిర్చి యార్డులో గుమాస్తా, సీజన్ వస్తే రాత్రి పదికి గానీ రారు. బాబు టెన్త్. అత్తయ్య మాఘమాసంలో ముహూర్తం పెట్టించారు, ఆలోపు పనంతా అయిపోవాలంటారు. మేస్త్రీల దగ్గర నిలబడేది నేనే. సాయంత్రానికి వేళ్లు ముడుచుకోవు, మెడికల్ షాపులో నొప్పి మాత్ర తెప్పించుకుని వేసుకుంటున్నా. అద్దె, ఈఎంఐ రెండూ కట్టాలని ఆయన టెన్షన్. ‘కొత్తింటికి వెళ్తూ ఈ ఏడుపు మొహమేంటి’ అంటారు అత్తయ్య. ఏం చేయను?

జవాబు: ముందు ఆ నొప్పి మాత్ర సంగతి చూడండి, ఇల్లూ ముహూర్తం తర్వాత. మీరు వాడే మందుతో పాటు డాక్టర్‌ని అడక్కుండా నొప్పి మాత్రలు వేసుకుంటూ పోతే కడుపుకీ కిడ్నీలకీ చేటు. ఈ వారమే ఆ మాత్రల షీటు పట్టుకెళ్లి డాక్టర్‌కి చూపించండి. మెథోట్రెక్సేట్ వారానికి ఒక్కరోజే, ఈ హడావిడిలో వేసుకున్నానో లేదో అనుకుని రెండోసారి వేసుకుంటే ప్రమాదం, క్యాలెండర్‌లో టిక్కు పెట్టుకోండి. ఆ మందు రోగనిరోధక శక్తిని కూడా కొంత తగ్గిస్తుంది. చెమ్మ పట్టిన పాత గోడలు కొడుతుంటే లేచే దుమ్ములో మీరు నిలబడకూడదు. జ్వరమో, తగ్గని దగ్గో వస్తే కషాయాలతో కాలక్షేపం చేయొద్దు.

ముహూర్తం గురించి మీ అత్తగారితో గొడవ దేనికి? ఉంచేయండి. పాలు పొంగించండి, వ్రతం చేసుకోండి, ఆ రాత్రి అక్కడ పడుకుని అద్దింటికి వచ్చేయండి. దానికి కడిగిన గడప, మామిడి తోరణం, ఒక పొయ్యి చాలు, బాత్రూమ్ టైల్స్ అక్కర్లేదు. ముహూర్తం దాటిపోలేదన్న తృప్తి ఆవిడకి ఉంటుంది. పగలగొట్టే పనులు మే నెలకి జరపండి. అప్పటికి బాబు పరీక్షలు అయిపోతాయి, ఎండాకాలం యార్డుకీ సెలవులిస్తారు, మీ వారే దగ్గరుండి చేయించుకుంటారు. అన్ని నెలల అద్దె దండగ కదా అంటారాయన. నిజమే, దండగే, కాకపోతే మీరు మంచాన పడి పని సగంలో ఆగితే అద్దె ఎలాగూ కట్టాలి, పైన ఆసుపత్రి ఖర్చు.

ఒక మాట అడుగుతా. పొద్దున్నే మీ చేతులు ఎలా ఉంటాయో మీ వారు ఎప్పుడైనా చూశారా? ఈ జబ్బులో తెల్లవారుజామునే కదా కీళ్లు బిగుసుకుపోయేది. ఆయన లేవకముందే లేచి, వేడినీళ్లలో చేతులు పెట్టుకుని, వేళ్లు కదిలాక కాఫీ గ్లాసు అందిస్తుంటే ఆయనకేం తెలుస్తుంది? ఒక ఆదివారం ఇడ్లీ పిండి గిన్నె మూత ఆయన ముందే తీయడానికి చూడండి, రాకపోతే రాలేదని చెప్పండి. డాక్టర్ దగ్గరికి ఈసారి ఆయన్నీ తీసుకెళ్లండి. మీ అత్తగారి లెక్కలో కీళ్లనొప్పులంటే వయసుకి వచ్చే మోకాళ్ల నొప్పులే. ఇది అది కాదు, ఒంట్లో రక్షణ శక్తే కీళ్ల మీద తిరగబడే జబ్బు అని ఆయన నోటితో చెప్పించండి. కొడుకు చెబితే జబ్బు, కోడలు చెబితే సాకు. అన్యాయమే, కానీ మన ఇళ్లల్లో ఇంకా అలాగే ఉంది.

పని గుత్తకి ఇచ్చేయండి, డబ్బు మాత్రం దశలవారీగా. బాత్రూమ్‌లో నీళ్లు నిలబెట్టి ఎక్కడా కారడం లేదని తేలాకే ఆ విడత ఇవ్వండి. ఏ రోజు పని ఆ రోజు ఫొటోలు తీసి పంపే బాధ్యత మేస్త్రీది, ప్రశ్నలు వేసేది మీ వారు.

మీరు పట్టుబట్టాల్సినవి కొన్నే. గుండ్రంగా తిప్పే కుళాయిలు వద్దు, మోచేత్తో నెట్టినా తిరిగే పొడుగు పిడివి పెట్టించండి. తలుపులకీ అలాంటివే. వెస్ట్రన్ కమోడ్, పక్కన గోడకి గట్టి రాడ్డు, జారని టైల్స్. పొయ్యి గట్టు ఎత్తు ఖాయం చేసేముందు అక్కడ మీరు నిలబడి చూసుకోండి, కుక్కర్ ఎత్తి దించాల్సింది మీరే కాబట్టి. గోడల రంగులు, పూజగది అరలు మీ అత్తగారికి వదిలేయండి, ఆవిడకీ చేతినిండా పని ఉంటుంది.