చిన్న చేతులకు చేతినిండా పని: మీ ప్రశ్నలు, మా జవాబులు

బడి ఈడుకు ఇంకా రాని పిల్లల గురించి నెల్లూరు, ప్రకాశం జిల్లాల నుంచి వచ్చిన ఉత్తరాలకు ఈసారి జవాబులు. చాలామంది రాసిన మాట ఒకటే: "ఏం తెచ్చిచ్చినా ఐదు నిమిషాలే." తెచ్చిన వస్తువులో లోపం తక్కువ. దాన్ని పిల్లల ముందు పెట్టే తీరులోనే అసలు తేడా ఉంటోంది.

ప్రశ్న: మా బాబుకు మూడున్నరేళ్ళు. నేను ఇంట్లోనే మిషన్ కుడతాను, వాడిని మా అత్తమ్మ చూసుకుంటుంది. ఎండలకు పది దాటితే బయటికి పంపలేం, ఇక సెల్లే. బొమ్మలిస్తే రెండు నిమిషాలు తిప్పి విసిరేస్తాడు. వాడిని కూర్చోబెట్టేదెలా? (ఒక తల్లి, కావలి)

జవాబు: ముందు కూర్చోబెట్టడం కాదమ్మా, ఒళ్ళు అలవనివ్వండి. మూడు, నాలుగేళ్ళ పిల్లలు రోజు మొత్తంలో కనీసం 3 గంటలు కదులుతూ ఉండాలనీ, అందులో గంటసేపు బాగా ఎగిరి దూకి ఆడాలనీ, కూర్చుని తెర చూడటం గంట దాటకూడదనీ ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో చెప్పింది. ఎండ ముదరకముందే అరగంట వీధిలో పరిగెత్తనివ్వండి. ఎండెక్కాక ఇంట్లోనే సుద్దముక్కతో తొక్కుడుబిళ్ళ గళ్ళు గీసి గెంతించండి. సగం నిండిన నీళ్ళ సీసాలు ఈ గదిలోంచి ఆ గదిలోకి మోయించండి. బరువు మోసిన పిల్లవాడు ఆ తర్వాత కుదురుగా కూర్చుంటాడు.

కూర్చున్నాక అంచున్న పళ్ళెం ఒకటి, అందులో ఒకే పని పెట్టండి. బుట్టెడు బొమ్మలు ఒక్కసారి కుమ్మరిస్తే ఏది పట్టుకోవాలో తెలియక అన్నీ విసురుతాడు. కిలో నూకలు, పాతకాలం కొలపాత్రలు రెండు (చిన్నది గిద్ద, పెద్దది సోల), ఒక గరాటు ఇచ్చి చూడండి. గిద్దతో సోల నింపడానికి నాలుగుసార్లు పోయాలి. ఆ సంగతి మీరు చెప్పొద్దు. వాడు పోసుకుంటూ పోతే సోల నిండి పొర్లుతుంది, అప్పుడు వాడే లెక్కకు దిగుతాడు. అడుగున పాత చీర పరిస్తే చిందిన నూకలు నాలుగు అంచులూ పట్టి ఎత్తేయొచ్చు. మునగాకు దూయడం, కరివేపాకు రెబ్బలు ఒలవడం కూడా మంచి పనులే. చూపుడువేలు, బొటనవేలు కలిపి పట్టుకుని లాగడం రేపు బలపం పట్టడానికి అక్కరకొస్తుంది. పైగా వాడు దూసిన ఆకు మధ్యాహ్నం పప్పులో పడిందంటే ఆ సంతోషం వేరు.

ఈ వయసులో ఒక పని మీద పది నిమిషాలు నిలిస్తే బాగా నిలిచినట్టే. రెండు నిమిషాలకే లేచిపోతుంటే మూడింటిలో ఏదో ఒక కారణం ఉంటుంది: పని మరీ తేలిక, మరీ కష్టం, లేదా పక్కనున్నవాళ్ళు "అలా కాదు, ఇలా" అని చెయ్యి పట్టుకుంటున్నారు. ఈ మూడోదే ఎక్కువ ఇళ్ళలో చూస్తాం. మీ అత్తమ్మగారికి ఒక్కమాట చెప్పండి: మొదటి ఐదు నిమిషాలు పక్కన కూర్చోవాలి, నోరు మెదపకూడదు. సెల్లు మధ్యలో లాక్కోవద్దు. పళ్ళెం ముందే సిద్ధంచేసి, చూస్తున్న పాట అయిపోగానే సెల్లు తీసి అది ముందు పెట్టండి. ఇలాంటి పళ్ళేలు నాలుగు తయారుచేసుకుని రోజుకొకటి దించండి, మిగతావి అటక మీద ఉండనివ్వండి. ఐదో రోజు మళ్ళీ మొదటిది వస్తే కొత్తదానిలాగే చూస్తాడు.

ప్రశ్న: పాపకు ఇంట్లోనే రంగుల పిండి చేసిస్తున్నాను. రాత్రి బాగుంటుంది, తెల్లారేసరికి చేతికి జిగటగా అంటుకుంటోంది. ఒకసారి మాత్రం పొడిపొడిగా రాలిపోయింది. కొలత ఎక్కడ తప్పుతోంది? (ఒంగోలు)

జవాబు: తప్పు కొలతలో కొంత, మన గాలిలో కొంత. గాలిలో తేమ 75 శాతం దాటితే ఉప్పు ఆ తేమను లాక్కుని కరుగుతుంది. ఒంగోలు లాంటి తీరప్రాంతంలో, అందులోనూ వానాకాలం రాత్రుళ్ళు, పిండిని గిన్నెలో తెరిచి ఉంచితే ఇక చెప్పేదేముంది. ఆడిన వెంటనే బిగుతు మూత డబ్బాలో పెట్టండి.

రెండోది, పచ్చి పిండి కలపకండి, ఉడికించండి. ఉడికిన పిండి నీళ్ళను పట్టి ఉంచుతుంది, పచ్చిది వదిలేస్తుంది. గ్లాసు మైదా, అర గ్లాసు మెత్తటి ఉప్పు, గ్లాసు నీళ్ళు, ఒక పెద్ద చెంచా నూనె, ఒక పెద్ద చెంచా నిమ్మరసం తీసుకోండి. అన్నీ చల్లగా ఉండగానే ఉండలు లేకుండా కలిపి సన్నసెగ మీద పెట్టి తిప్పుతూ ఉండండి. మూడు నుంచి ఐదు నిమిషాల్లో సంగటిలా ముద్దకట్టి గిన్నె అంచులు వదులుతుంది. తడి మెరుపు పోయాకే దించాలి. చాలామంది ముద్ద కట్టగానే దించేస్తారు, తెల్లారి జిగట అందుకే. గోరువెచ్చగా అయ్యాక చపాతీ పిండిలా రెండు నిమిషాలు మర్దించండి. ఇంకా అంటుకుంటుంటే చెంచా మైదా చల్లి పిసకండి. పొడిగా రాలుతుంటే అర చెంచా వేడినీళ్ళు, నాలుగు చుక్కల నూనె. కల్లుప్పు మాత్రం వద్దు, కరగకుండా పలుకులు మిగిలి చేతులకు గుచ్చుకుంటుంది.

రంగులు వంటింట్లోనే ఉన్నాయి. పసుపును నీళ్ళలోనే కలిపి ఉడికించొచ్చు. బీట్‌రూట్ రసం సెగ మీద గోధుమరంగులోకి దిగుతుంది కాబట్టి దించాక కలపాలి. పాలకూర పచ్చకు నిమ్మరసం పడదు, మాసిన రంగు వస్తుంది, దానికి నిమ్మరసం మానేయండి. అన్నిటికన్నా మంచి ఆట శంఖుపుష్పంతో: పది పదిహేను నీలిపూలు అర గ్లాసు వేడినీళ్ళలో నానబెట్టి, వడకట్టి, మిగతా నీళ్ళలో కలిపి నిమ్మరసం లేకుండా ముద్ద చేయండి. నీలి ముద్దలో పాప చేత గుంట చేయించి, అందులో నాలుగు చుక్కలు నిమ్మరసం పిండించండి. పిసికేకొద్దీ నీలం ఊదాలోకి తిరుగుతుంది. ఎందుకలా అయిందని పాప అడిగితే పులుపు తగిలితే ఈ పువ్వు రంగు మారుస్తుందని చెప్పండి. ఆ వయసుకు అది చాలు.

అచ్చులు కొనక్కర్లేదు. చపాతీ పీట, కర్ర, జంతికల గొట్టం ఇవ్వండి. గొట్టం నొక్కడానికి అరచేతి బలమంతా కావాలి. మూడేళ్ళకు పాములు చుట్టడం, గిల్లి ముక్కలు చేయడం. నాలుగేళ్ళు దాటితే ఐదు ఉండ్రాళ్ళు చేసి చిన్న నుంచి పెద్దకు వరసగా పేర్చమనండి.

ఇది ఉప్పు పిండి, నోట్లో పెట్టుకునే పిల్లలకు ఇవ్వకూడదు. వాళ్ళకు ఉత్త చపాతీ పిండి ఇచ్చి ఆ పూటకే పారేయండి. పాడైన ఉప్పు ముద్దను కుక్కలకు, కోళ్ళకు వేయొద్దు, అంత ఉప్పు వాటికి విషంతో సమానం. ఫ్రిజ్‌లో రెండు వారాలు ఉంటుంది. నల్ల చుక్క కనిపిస్తే ఆ ముక్క వరకు తీసేసి సరిపెట్టుకోకండి, మొత్తం పారేయండి.

ప్రశ్న: కాగితాలు అంటించడానికి మైదా ఉడక (జిగురు) చేస్తుంటే, పురుగు పట్టకుండా మైలతుత్తం వేయమని మా వాళ్ళంటున్నారు. వేయొచ్చా? (ఆత్మకూరు)

జవాబు: వద్దు. మైలతుత్తం విషం, అది పెద్దవాళ్ళు పోస్టర్లు అంటించుకునే జిగురుకు. పిల్లలు జిగురు వేళ్ళు నోట్లో పెట్టుకుంటారు. చెంచా మైదాకు పావు గ్లాసు నీళ్ళు పోసి, చిక్కబడి మెరుపు వచ్చేదాకా ఉడికించి, ఆ రోజుకు సరిపడా మాత్రమే చేసుకోండి.

ప్రశ్న: మా మనవరాలికి నాలుగేళ్ళు. ఎల్‌కేజీలో రోజూ పేజీ నిండా 'అ, ఆ' రాసుకు రమ్మంటున్నారు. పలక తీస్తే ఏడుపు. పైగా చూడకుండా ఉంటే బలపం తినేస్తోంది. (ఒక తాత, పొదిలి)

జవాబు: అయ్యా, ముందు బలపం సంగతి. మట్టి, సుద్ద, బలపం తినే పిల్లల్లో చాలామందికి రక్తం తక్కువగా ఉంటుంది. తిట్టి మాన్పించడం కుదరదు. పిల్లల డాక్టరుకు చూపించి హిమోగ్లోబిన్ పరీక్ష చేయించండి. ఇనుము తక్కువైతే మందు వాళ్ళే రాస్తారు.

ఇక రాత. పిల్లల చెయ్యి గీతలను ఒక వరసలో నేర్చుకుంటుంది. నిలువు, అడ్డ గీతలు మొదట వస్తాయి, మూడేళ్ళ ప్రాంతంలో సున్న, నాలుగుకు కూడిక గుర్తు, నాలుగున్నర దాటాక చతురస్రం, ఐదుకు త్రికోణం. 'అ' చూడండి: చెయ్యి ఒకవైపు తిరిగి, మళ్ళీ రెండోవైపు మళ్ళాలి. చతురస్రం గీయలేని చేతికి అది కొండెక్కడంతో సమానం. పాప మొండికేయడం లేదు, చెయ్యి ఇంకా రాలేదు. 2020 జాతీయ విద్యా విధానం కూడా మూడు నుంచి ఎనిమిదేళ్ళ దాకా ఒకే పునాది దశగా పెట్టి, ఆటతో నేర్పమనే చెప్పింది. ఈ మాట బడిలో టీచరుతో మీరు నిదానంగా మాట్లాడాలి. పేజీ బదులు మూడు అక్షరాలు చాలని అడగడంలో తప్పు లేదు.

ఇంట్లో అచ్చుల వరస పక్కన పెట్టి గీత వరస పట్టండి. సున్న బాగా వచ్చాక దాని మీద తలకట్టు పెడితే 'ర' అవుతుంది, మధ్యలో చుక్క పెడితే 'ఠ'. తర్వాత 'గ', ఆ తర్వాత 'న'. 'అ' దగ్గరికి నెమ్మదిగా రావచ్చు.

మీ పక్కనే మార్కాపురం ఉంది, రాతి పలకే కొనండి. రేకు పలక మీద బలపం జారుతుంది. రాయికి ఉన్న గరుకు చేతికి తెలిసి, ఎంత నొక్కాలో వేళ్ళే నేర్చుకుంటాయి. బలపం నిడుపుది ఇవ్వకుండా రెండు, మూడు సెంటీమీటర్ల ముక్క ఇవ్వండి. పొడుగుదాన్ని పిడికిలితో పట్టుకోవచ్చు, పొట్టిదాన్ని మూడు వేళ్ళతో తప్ప పట్టుకోలేరు. మీరు పలక నిండా పెద్దగా 'ర' రాయండి. పాప తడి స్పాంజి ముక్కతో ఆ గీత మీదే పోతూ చెరపాలి, తర్వాత పొడిగుడ్డతో అదే దారిలో తుడవాలి, ఆఖర్న బలపంతో దిద్దాలి. ఒక్క అక్షరానికి మూడుసార్లు చెయ్యి తిరిగింది, ఏడుపు లేదు. ఆట అయ్యాక దొండాకుతో పలక రుద్ది తోమే పని పాపదే. రోజుకు పది నిమిషాలు మించనివ్వకండి.

ప్రశ్న: పెద్దవాడికి నాలుగున్నర, చిన్నదానికి ఏడాదిన్నర. చింతగింజలు, శనగలతో వాడికి లెక్కలు నేర్పాలనుంది, చిన్నది అన్నీ నోట్లో పెట్టుకుంటోంది. (నెల్లూరు)

జవాబు: చిన్నది మేలుకుని ఉన్నంతసేపు గింజలు తీయకండి. మూడున్నర సెంటీమీటర్ల వెడల్పున్న గొట్టంలో దూరిపోయే వస్తువేదైనా ఆ వయసుకు గొంతులో అడ్డుపడేదే. శనగ, బఠాణీ ఇంకో రకంగా ప్రమాదం: ముక్కులో పెట్టుకుంటే తడికి ఉబ్బి బిగుసుకుపోతాయి. అలా జరిగితే పిన్నుతో, చెవిపుల్లతో తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. చెవిలో పడితే నీళ్ళు పోయొద్దు. నేరుగా డాక్టరు దగ్గరికే. బొమ్మల్లో వచ్చే బిళ్ళ బ్యాటరీ మింగినా, ముక్కులో పెట్టుకున్నా క్షణం ఆగకుండా ఆసుపత్రికి పరిగెత్తాలి, అది లోపల కండను కాల్చేస్తుంది.

లెక్కలకు వంకాయలు, ఉల్లిపాయలు, బంగాళదుంపలు చాలు. వెడల్పు బేసిన్‌లో నీళ్ళు పోసి ఏది తేలుతుందో, ఏది మునుగుతుందో పెద్దవాడిని ముందే చెప్పమనండి. వంకాయ, ఉల్లి తేలతాయి, దుంప మునుగుతుంది. దుంపకన్నా పెద్ద వంకాయ తేలడం చూసి వాడు ఆగిపోతాడు, ఆ ఆగడమే మనకు కావాల్సింది. చిన్నదాన్ని పక్కన కూర్చోబెట్టి గ్లాసుతో నీళ్ళు పోయనివ్వండి. ఆట అవగానే బేసిన్ బోర్లించండి. రెండంగుళాల నీళ్ళు కూడా ఏడాదిన్నర బిడ్డకు ప్రాణాపాయమే.

ప్రశ్న: పొలం నుంచి మట్టి తెచ్చి పిల్లల చేత బొమ్మలు చేయిస్తున్నాం. ఎండలో పెడితే అన్నీ బీటలు. (దర్శి)

జవాబు: మీది నల్లరేగడి అయ్యుంటుంది. తడిస్తే ఉబ్బి, ఆరితే బాగా కుంచించుకుపోయే మట్టి అది. వేసవిలో పొలం నెర్రెలిచ్చేది, మీ బొమ్మ పగిలేది ఒకే కారణంతో. మూడు పాళ్ళు మట్టికి ఒక పాలు జల్లించిన సన్న ఇసుక కలపండి. మట్టిని రాత్రంతా నానబెట్టి, జల్లెడలో వడగట్టి, పేరుకున్నాక పైనీళ్ళు వంచేసి, గుడ్డ మీద చేతికి అంటనంతగా ఆరనిచ్చాకే పిల్లలకు ఇవ్వాలి.

రెండో కారణం ఎండ. పైపొర ముందు ఆరి కుంచించుకుంటుంది, లోపల ఇంకా తడే, దాంతో చీలుతుంది. నీడలో పెట్టి, మొదటి రోజు తడిగుడ్డ కప్పి, నాలుగైదు రోజులు ఆరనివ్వండి. వేలి మందం దాటనివ్వొద్దు. ఏనుగు కావాలంటే పొట్ట బోలుగా ఉండాలి. కాళ్ళు, తొండం అతికేచోట రెండువైపులా పుల్లతో గీతలు పెట్టి పలచటి బురద రాసి అతకండి, ఉత్తినే అంటిస్తే ఆరాక ఊడతాయి. త్వరగా ఆరుతుందని పొయ్యి మీద పెట్టకండి, లోపలి తడి ఆవిరై బొమ్మ పేలుతుంది. పగిలినవాటిని పారేయొద్దు, కాల్చని మట్టి కదా, నీళ్ళలో వేస్తే మళ్ళీ మట్టే. కరగడం చూడటం కూడా పిల్లలకు ఆటే.

మురుగు పక్కన, పశువుల కొట్టం పక్కన మట్టి తేవద్దు. ఆట కాగానే గోళ్ళ సందులు సబ్బుతో రుద్దించండి, అంగన్‌వాడీలో ఇచ్చే నులిపురుగుల మాత్ర తప్పకుండా వేయించండి.