సబాలో డైవింగ్, ట్రెక్కింగ్: ఏది ముందు?

రిసార్టుల హడావుడి లేని చిన్న కరిబియన్ దీవి కావాలి, డైవింగ్‌తో పాటు కొండలెక్కాలి, సబా ఎలా ఉంటుంది అని అడిగారు. మేం వెళ్లొచ్చాం. మీరు చెప్పినదానికి అంతకంటే సరైన చోటు నాకు తెలియదు. కాకపోతే బీచ్ మీద ఆశ పెట్టుకోవద్దు. సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన అగ్నిపర్వతమే ఆ దీవి. మొత్తం 13 చదరపు కిలోమీటర్లు, జనాభా రెండు వేల చుట్టుపక్కల. ఒడ్డు దాదాపు అంతా రాళ్లే కాబట్టి ఇసుక కోసం వచ్చేవాళ్లు అటు రారు. ఆ ప్రశాంతతకు కారణం అదే.

అన్నిటికంటే ముందు ప్లాన్ చేసుకోవాల్సింది ఏది ముందు, ఏది తర్వాత అన్నది. దీవి మధ్యలోని మౌంట్ సీనరీ ఎత్తు 887 మీటర్లు. డైవింగ్ చేసినప్పుడు ఒంట్లో కరిగిన నైట్రోజన్ మెల్లగా బయటికి పోవాలి. ఆలోపే అంత ఎత్తుకు వెళ్తే గాలి ఒత్తిడి తగ్గి అది ఒంట్లో బుడగలు కట్టవచ్చు, అది ప్రమాదం. విమానం ఎక్కేముందు ఆగమనేదీ ఇందుకే. అందుకని వెళ్లగానే కొండెక్కేయండి, డైవింగ్ తర్వాత మొదలుపెట్టండి. వరుసగా డైవ్‌లు చేశాక కొండకైనా, విమానానికైనా కనీసం 18 గంటలు ఆగాలి. మేం ఒక రోజంతా వదిలేశాం, టెన్షన్ లేకుండా పోయింది.

కొండకు 1,064 మెట్లు. విండ్‌వార్డ్‌సైడ్ ఊళ్లో బస చేస్తే దారి అక్కడి నుంచే మొదలవుతుంది. పైకి వెళ్లేకొద్దీ మబ్బు కమ్ముకుంటుంది, చెట్ల కొమ్మల నిండా నాచు, ఫెర్న్‌లు. మెట్లు ఎప్పుడూ తడే. పట్టు ఉన్న బూట్లు లేకుండా వెళ్లొద్దు, ముఖ్యంగా దిగేటప్పుడు మోకాళ్ల మీద భారం పడుతుంది. శాండీ క్రూజ్ దారిలో ఇంత ఏటవాలు ఉండదు, అడవి మాత్రం అంతే దట్టం.

ఇక నీళ్ల కింద. 1987 నుంచి దీవి చుట్టూ సముద్రమంతా మెరైన్ పార్కే, అంటే రక్షిత ప్రాంతం. డైవ్ పడవలు లంగరు వేయకుండా నీళ్లలో తేలే బోయాలకు కట్టుకుంటాయి, పగడాలు దెబ్బతినవు. థర్డ్ ఎన్‌కౌంటర్, ఐ ఆఫ్ ది నీడిల్ లాంటి రాతి శిఖరాల కొసలే దాదాపు 27 మీటర్ల లోతులో ఉంటాయి కాబట్టి డైవింగ్‌లో అడ్వాన్స్‌డ్ సర్టిఫికేషన్ ఉంటే మేలు. కొత్తవాళ్లకు టెంట్ రీఫ్ అనే చోటు చాలు, తాబేళ్లు అక్కడా కనిపిస్తాయి. లాడర్ బే దగ్గర అడుగున ఇసుకలో చెయ్యి పెడితే వెచ్చగా తగులుతుంది. కింద అగ్నిపర్వతం వేడి ఇంకా ఉంది మరి! నాకు అన్నిటికంటే నచ్చింది అదే.

చేరుకోవడానికి పక్క దీవి సెయింట్ మార్టెన్ నుంచి చిన్న విమానం, పావుగంట లోపే. రన్‌వే 400 మీటర్లే, రెండు కొసల్లోనూ సముద్రం. మా ఆవిడ దిగేదాకా నా చెయ్యి వదల్లేదు. ఫెర్రీ అయితే గంటకు పైనే, అలలుంటే కడుపులో తిప్పుతుంది.

ఖర్చంతా అమెరికన్ డాలర్లలోనే. ఇండియన్ పాస్‌పోర్ట్ అయితే సబాకే కాదు, మధ్యలో దిగే సెయింట్ మార్టెన్‌కు కూడా వీసా రూల్స్ చూసుకున్నాకే టికెట్లు బుక్ చేయండి.