సోలార్ పెట్టించే ముందు

చిరంజీవి అల్లుడికి మామ ఆశీస్సులు.

మిర్యాలగూడ ఇంటి మీద సోలార్ పెట్టిద్దామని చూస్తున్నావని, సోలార్ కంపెనీ నుంచి వచ్చినతను 5 కిలోవాట్లు వేసుకోమన్నాడని అక్క చెప్పింది. ఆలోచన మంచిదే. కానీ అతను నీ కరెంటు బిల్లులు అడగనేలేదట. మరి ఆ 5 ఎక్కడి నుంచి వచ్చింది?

పోయిన ఏడాది బిల్లులు పన్నెండూ ముందేసుకో. మే నెల బిల్లు ఒక్కటే చూసి బెదిరిపోకు, అది ఏసీ బిల్లు. యూనిట్లన్నీ కూడి పన్నెండుతో భాగించు. మన దగ్గర 1 కిలోవాట్‌కు రోజుకు సగటున 4 యూనిట్లు వస్తాయి, అంటే నెలకు 120. మీ వాడకం 300 దగ్గర ఉంటే 3 కిలోవాట్లు చాలు. ఊరంతా సోలార్ పెట్టిన కొండారెడ్డిపల్లిలో ఇళ్ల మీద వేసినవీ 3 కిలోవాట్లవే. కేంద్రం ఇచ్చే పీఎం సూర్యఘర్ సబ్సిడీ మొదటి రెండు కిలోవాట్లకు 30,000 చొప్పున, మూడోదానికి 18,000, మొత్తం 78,000 దగ్గర ఆగిపోతుంది. ఆ పైన ఎంత వేసినా పూర్తిగా నీ డబ్బే.

ఊళ్లో అమ్మానాన్నల ఇంటికి మాత్రం ఇప్పుడు వద్దు. రాష్ట్ర ప్రభుత్వ గృహజ్యోతి పథకం కింద జీరో బిల్లు వస్తోంది కదా, నెలకు 200 యూనిట్లు దాటనంత వరకు అక్కడ సోలార్‌తో మిగిలేదేమీ లేదు.

ఇంకో సంగతి. మీ మిర్యాలగూడ ఇంటి కరెంటు కనెక్షన్ ఇంకా తాత పేరునే ఉంది. అప్లికేషన్ పెట్టక ముందే డిస్కం (కరెంటు పంపిణీ సంస్థ) ఆఫీసుకు వెళ్లి పేరు మార్పించుకో. లేకపోతే సబ్సిడీ దగ్గర ఇరుక్కుంటావు.

ఇక మేడ మీద చోటు. 3 కిలోవాట్లకు దాదాపు 300 చదరపు అడుగుల నీడలేని జాగా కావాలి. మీ వాటర్ ట్యాంకు దక్షిణం వైపు ఉంది. ఎండాకాలం దాని నీడ కాళ్ల దగ్గరే పడుతుంది కాబట్టి ఎవరికీ అనుమానం రాదు. డిసెంబరులో సూర్యుడు దక్షిణానికి వాలినప్పుడు అదే నీడ సాగి ప్యానెళ్ల మీదికి వస్తుంది. ఒక్క ప్యానెల్ మీద నీడ పడినా, దానితో వరుసలో కలిపినవాటి ఉత్పత్తి కూడా తగ్గవచ్చు. ట్యాంకు జరపడమో, ప్యానెళ్లు దూరంగా పెట్టడమో ముందే తేల్చుకో. ఏప్రిల్, మే నెలల గాలిదుమారం సంగతి నీకు తెలుసు, స్టాండు బిగింపు దగ్గర పైసలు మిగుల్చుకోవాలని చూడకు. స్లాబుకూ ప్యానెళ్లకూ మధ్య గాలి ఆడాలి. వేడెక్కే కొద్దీ ప్యానెల్ ఇచ్చే కరెంటు తగ్గుతుంది.

దుమ్ము కడగడానికి బోరు నీళ్లు వాడకు. మన జిల్లా నీళ్లలో ఉప్పు ఎక్కువ, ఆరిపోయాక అద్దం మీద తెల్లటి మరకలు కట్టి గీకినా పోవు. మిషన్ భగీరథ కుళాయి నీళ్లు రెండు బకెట్లు చాలు. అదీ తెల్లవారుజామునే. మధ్యాహ్నం కాలిపోతున్న అద్దం మీద చల్లనీళ్లు పోస్తే పగిలే ప్రమాదం ఉంది.

కరెంటు పోతే సోలార్ ఉంది కదా అనుకోకు. లైన్ ఆగితే సోలార్ ఇన్వర్టర్ (ప్యానెళ్ల కరెంటును ఇంట్లో వాడే కరెంటుగా మార్చే పెట్టె) కూడా ఆగిపోతుంది, పైన ఎండ ఎంత కాసినా సరే. స్తంభమెక్కి పనిచేసే లైన్‌మెన్‌కు మన ఇంటి నుంచి వెళ్లే కరెంటు తగలకుండా పెట్టిన ఏర్పాటు అది. దాన్ని తప్పించి నడిపిస్తానని ఎవడైనా అంటే, ఆ మనిషిని గుమ్మం ఎక్కనివ్వకు. ఇప్పుడున్న బ్యాటరీ ఇన్వర్టర్ అలాగే ఉంచుకో.

డబ్బు మొత్తం ముందే ఇవ్వకు. నెట్ మీటర్ బిగించి, మనం లైన్ నుంచి తీసుకున్న యూనిట్లు, లైన్‌కు పంపిన యూనిట్లు వేర్వేరుగా చూపించాకే చివరి వాయిదా ఇవ్వు. ప్యానెళ్లు మన దేశంలో తయారైనవే ఉండాలి, లేకపోతే సబ్సిడీ రాదు. పిడుగుల కాలం వస్తోంది, మెరుపు కడ్డీ, ఎర్తింగ్ గుంతలు కొటేషన్‌లో రాసి ఉన్నాయో లేదో చూడు.

కొటేషన్ రాగానే ఫోటో తీసి నాకు వాట్సాప్ చెయ్యి. ఆదివారం వచ్చి మేడెక్కి ఆ ట్యాంకు సంగతి నేనే చూస్తాను, అప్పటిదాకా అడ్వాన్స్ ఇవ్వకు.

మీ మామ